ఆల్బమ్ కవర్‌కు ఏది మేలు: స్టూడియో ఫోటోనా, సాధన చేస్తుండగా తీసినదా, గీసిన బొమ్మా?

డిసెంబరు కచేరీలు దగ్గరపడేసరికి చెన్నైలోని మైలాపూరులో ఎటు చూసినా కళాకారుల ఫోటోలే. పట్టుచీర, జడలో మల్లెలు, ఒళ్లో వాద్యం, కొలిచి పెట్టినట్టున్న చిరునవ్వు. పేరు చదవకపోతే ఒకరికీ మరొకరికీ తేడా తెలియదు. ఇలాంటి ఫోటో సంప్రదాయ కళాకారిణి అన్న ముద్ర వేస్తుంది గానీ, ఆమె సంగీతానికున్న ప్రత్యేకతను చెప్పదు.

నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడిన ఒక వయొలిన్ కళాకారిణి తొలి ఆల్బమ్‌కు డిజైన్ చేసినప్పుడు ఈ సంగతి నాకు బాగా తెలిసివచ్చింది. స్టూడియోలో ఆమెను నిలబెట్టి, వయొలిన్‌ను గడ్డం కింద పెట్టించి ఫోటో తీశారు. కర్ణాటక సంగీతంలో వయొలిన్ వాయించేవారు బాసింపట్టు వేసుకుని కూర్చుని, వాద్యం కొసను కుడి పాదం మీద ఆనిస్తారు. వెలుగు బాగా పడింది, రంగులూ కుదిరాయి, కానీ ఆ ఫోటోలో ఉన్న మనిషి ఆమె కాదు.

గీసిన బొమ్మకు మరో బలం ఉంది. కళాకారిణి వయసు దానికి పట్టదు, తర్వాతి ఆల్బమ్‌లలోనూ అదే గీతను కొనసాగించవచ్చు. 12 అంగుళాల ఎల్‌పీ రికార్డు రోజుల్లో అయితే నేను దానికే ఓటు వేసేవాణ్ణి. ఇప్పుడు పాటల యాప్‌లకు 3000 పిక్సెళ్ల చదరపు బొమ్మ పంపినా, ఫోనులో అది తపాలా బిళ్లంతే కనిపిస్తుంది. సన్నని గీతలు కలిసిపోతాయి. తెలుగు అక్షరాలది ఇంకా కష్టం: 'త్యాగరాజ కీర్తనలు' అన్న రెండు మాటల్లోనే యవత్తు, తవత్తు వస్తాయి, వాటికి చోటు వదిలితే అక్షరాలు చిన్నవవుతాయి, వదలకపోతే చదవడానికి రావు.

అందుకే వాయిస్తుండగా తీసిన ఫోటోయే మేలని నా నిర్ణయం. 1950, 60 దశకాల్లో అమెరికాలోని బ్లూ నోట్ అనే జాజ్ రికార్డుల సంస్థకు ఫ్రాన్సిస్ వుల్ఫ్ రికార్డింగులు జరుగుతుండగానే ఫోటోలు తీసేవారు. డిజైనర్ రీడ్ మైల్స్ వాటిని నిర్మొహమాటంగా కత్తిరించి, పక్కన పెద్ద అక్షరాలు పేర్చేవారు. ఆ జాజ్ కళాకారులు మనకు ఆలోచనాపరులుగా, పనిలో మునిగిన మనుషులుగా గుర్తుండిపోవడంలో ఆ కవర్ల పాత్ర పెద్దది.

మేమూ మళ్లీ ఆమె ఇంటికే వెళ్లి, సాధన చేస్తుండగా కిటికీ వెలుగులో ఫోటోలు తీశాం. గోడ పోస్టరు చూసినవారు మనిషిని గుర్తుపట్టాలి కాబట్టి దానికి ముఖం నిండుగా ఉన్నది తీసుకున్నాం. కవర్ మీద మాత్రం తీగల మీద వంగిన ఎడమచేతి వేళ్లు, పాదం మీద ఆనిన వయొలిన్ కొస, పక్కన ఖాళీలో ఆమె పేరు.