లిజనింగ్‌లో 19 నుంచి 31కి: రెండేళ్ల ప్రాక్టీస్ తర్వాత నా సమీక్ష

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, నర్సింగ్ కాలేజీకి వెళ్ళాక ఇంగ్లిష్. పుస్తకం చదివి పరీక్ష రాయడం వరకూ ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. కానీ బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షలో లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడింటిలోనూ 9కి 7 బ్యాండ్ (స్కోరు), రైటింగ్‌లో 6.5 రావాలని తెలిసి, ఒక మాదిరి పరీక్ష పెట్టుకుని ఇంట్లోనే రాస్తే లిజనింగ్‌లో 40కి 19 వచ్చాయి. 7 బ్యాండ్ అంటే సుమారు 30 రావాలి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అది రెండేళ్ల కిందటి మాట. ఈ రెండేళ్లలో నేను వాడినవాటిలో ఏది పనికొచ్చిందో, ఏది డబ్బు దండగో రాస్తున్నాను. రీడింగ్, లిజనింగ్ వరకే చెబుతాను, రైటింగ్ గురించి చెప్పే అనుభవం నాకింకా రాలేదు.

ముందు దండగ సంగతి. ఏడాదికి డబ్బు కట్టి ఒక యాప్ తీసుకున్నాను, పేరు అక్కర్లేదు. అందులో టెస్టులు కుప్పలుగా ఉన్నాయి. నైట్ డ్యూటీ దిగి వచ్చి కూడా టెస్టు చేసేదాన్ని. తప్పు చేస్తే ఎర్రగా చూపించి సరైన జవాబు పక్కన పెట్టేది, అంతే. ఎందుకు తప్పయిందో, ఆ మాట ఆడియోలో ఎక్కడ వచ్చిందో ఏమీ ఉండదు. గొంతులన్నీ ఒకేలా, తాపీగా, ఒక్కో మాటా విడివిడిగా పలికేవి, అలా ఎవరూ మాట్లాడరు. నాలుగు నెలల్లో 60 టెస్టులు చేస్తే 19 కాస్తా 22 అయింది. పుండు ఎక్కడుందో చూడకుండా రోజూ కట్టు మాత్రం మార్చినట్టుంది ఆ పని. టెస్టుల సంఖ్య పెరిగితే మార్కులు వాటంతటవే పెరుగుతాయని అనుకునేవాళ్లు ఒక్కసారి ఆగండి, టెస్టు మనమెంత దూరంలో ఉన్నామో కొలుస్తుంది గానీ నేర్పదు.

నిజంగా పనికొచ్చినవి రెండూ ఉచితమే. ఒకటి బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల లెర్న్‌ఇంగ్లిష్ సైట్, రెండోది బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌లో వచ్చే సిక్స్ మినిట్ ఇంగ్లిష్. మొదటిదాంట్లో లిజనింగ్, రీడింగ్ రెండూ తేలికైన ఏ1 నుంచి కష్టమైన సీ1 దాకా స్థాయిలవారీగా ఉంటాయి, వినడానికి ముందు కొన్ని మాటలు పరిచయం చేస్తారు, విన్నాక ప్రశ్నలు, కింద ఆడియో మొత్తం అక్షరాల్లో ఉంటుంది. నేను పౌరుషానికి పోకుండా మధ్యస్థాయి బీ1 నుంచి మొదలుపెట్టాను. రెండోదాంట్లో ఇద్దరు ఏదో ఒక విషయం మీద మాట్లాడుకుంటారు, మొదట్లో ఒక ప్రశ్న అడిగి చివర్లో జవాబు చెబుతారు, మధ్యలో ఆరు మాటలు నేర్పుతారు. ఆడియో, దాని రాతప్రతి రెండూ దించుకోవచ్చు, మా వీధిలో సాయంత్రమైతే నెట్ ఆగి ఆగి వస్తుంది కాబట్టి నాకు ఇది చాలా పెద్ద సాయం. ఉదయం హాస్పిటల్లో సిగ్నల్ బాగున్నప్పుడు నాలుగు దించుకుని ఫోన్‌లో పెట్టుకునేదాన్ని.

అయితే వీటిని ఊరికే పెట్టుకుని వింటే పెద్దగా లాభం లేదు. మొదటి రెండు నెలలు వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ విన్నాను, విషయం అర్థమైనట్టే ఉండేది కానీ టెస్టులో మార్కు కదల్లేదు. అప్పుడు మా వార్డులో సీనియర్ అక్క ఒకావిడ, ఆవిడ అంతకుముందే ఈ పరీక్ష రాసి ఉన్నారు, ‘ఒక్క నిమిషం ఆడియో తీసుకుని ఉన్నదున్నట్టు రాయమ్మా, నీ చెవి ఎక్కడ జారుతోందో నీకే కనబడుతుంది’ అన్నారు. ఆ రోజే రాశాను. ఒక్క నిమిషానికి గంట పట్టింది. పది సెకన్లు వినడం, ఆపడం, రాయడం, మళ్ళీ వెనక్కి. అమ్మ వంటింట్లోంచి, ‘ఏటే, ఆ ఒక్క ముక్కే ఎన్నిసార్లు పెడతావు? నాకే నోటికొచ్చేసింది’ అంది.

ఆ కాగితాన్ని అసలు ప్రతితో పోల్చి చూస్తే నా జబ్బంతా అందులోనే ఉంది. ఒక చోట నేను ‘ఐ షుడ్ ఆస్క్ హిమ్’ అని రాసుకున్నాను. అక్కడున్నది ‘ఐ షుడ్ హ్యావ్ ఆస్క్‌డ్ హిమ్’. ఆడియోలో ఆమె పలికింది ‘ఐ షుడవాస్క్‌టిమ్’ అన్నట్టు ఒక్క ఊపులో. నేను రాసినదానికి అర్థం అడగాలి అని, ఆమె అన్నది అడిగి ఉండాల్సింది అని. మధ్యలో ఒక ‘వ’, చివర ఒక ‘ట’, ఇంతే తేడా, అర్థం మాత్రం తిరగబడిపోయింది. అలాగే ‘యాన్ అవర్ అండ్ ఎ హాఫ్’ అనేది ‘అనవరనహాఫ్’ అయి వస్తుంది. రాసుంటే చిన్నపిల్లలైనా చదివే మాటలే అవి. అంటే నాకు రానిది ఇంగ్లిష్ మాటలు కాదు, అవి ఒకదానికొకటి అతుక్కుంటే విడదీసుకోవడం.

దీనికి కారణం గురించి నేను చాలా ఆలోచించాను. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు పలికితేగానీ మనకు మాట పూర్తయినట్టుండదు. బస్సు, కారు, పెన్ను, చూడండి అన్నిటికీ తోక పెట్టుకున్నాం. ఒడియాలో కూడా, హిందీలా కాకుండా, చివరి ‘అ’ను మింగేయరు, పలుకుతారు. నా రెండు భాషలూ అచ్చుతో ఆగేవే. ఇంగ్లిష్‌లో మాట హల్లు మీద టక్కున తెగిపోతుంది, కొన్నిసార్లు ఆ హల్లునూ నోట్లోనే ఆపేస్తారు, నా చెవి మాత్రం రాని అచ్చు కోసం చూస్తూ ఉండేది, ఈలోపు తర్వాతి మాట వెళ్ళిపోయేది. ఇది తెలిశాక నేను మాటల చివర్లను వేటాడటం మొదలుపెట్టాను. పరీక్షలో జవాబు ‘బుక్స్’ అయితే ‘బుక్’ అని రాస్తే మార్కు పోయినట్టే, నాకు ఒక్క ‘స’ వల్లే టెస్టుకు రెండు మూడు పోయేవి.

మా పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడి గిరిజనుల సవర భాష ఎలా నేర్చుకున్నారో మా వాళ్లంతా చెప్పుకుంటారు. పుస్తకం లేని భాష అది, సవర వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, వింటూ, విన్నది రాసుకుంటూ నేర్చారు, తర్వాత ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. చిన్నప్పుడు ఆగస్టు 29న ఆయన జయంతికి దండ వేసి వచ్చేసేవాళ్లం. విన్నది విన్నట్టు రాయడంలో ఎంత ఓర్పు కావాలో ఆ గంటసేపు కూర్చున్నాక తెలిసి ఆయన మీద గౌరవం రెట్టింపైంది.

పరీక్ష తీరు గురించి కొంచెం. లిజనింగ్ సుమారు 30 నిమిషాలు, నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు, ఏదైనా ఒక్కసారే వినిపిస్తారు. కంప్యూటర్ మీద రాస్తే చివర్లో సరిచూసుకోవడానికి 2 నిమిషాలే ఇస్తారు, కాగితం మీదైతే జవాబులు ఎక్కించుకోవడానికి 10 నిమిషాలు. మొదటి భాగంలో మాట మార్చడం గమనించండి, మంగళవారం వస్తానని, కాదు కాదు గురువారం అంటారు, మనం మంగళవారం రాసేసి సంతోషంగా కూర్చుంటాం. నాలుగో భాగం లెక్చరు, మధ్యలో విరామం ఉండదు, ఒక జవాబు జారితే దాన్ని అక్కడే వదిలేసి ముందుకెళ్ళాలి, ఇది నాకు అన్నిటికంటే ఆలస్యంగా అలవాటైంది. ఆస్ట్రేలియా వాళ్ల గొంతు కూడా వస్తుంది, ‘డే’ అనేది ‘డై’కి దగ్గరగా వినపడుతుంది, దానికి ముందే కొంత చెవి అలవాటు చేసుకోవాలి.

రీడింగ్‌లో నా గొడవ వేరు. 60 నిమిషాల్లో మూడు పాఠాలు, 40 ప్రశ్నలు, జవాబులు ఎక్కించడానికి విడిగా సమయం ఇవ్వరు. నేను మొదటి పాఠానికే 25 నిమిషాలు తీసుకునేదాన్ని. గడియారం పెట్టుకుని 17, 20, 23 అని పంచుకున్నాక అది కుదురుకుంది. కుదరనిది ‘ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్’, అంటే ప్రశ్నలోని మాట పాఠం ప్రకారం నిజమా, తప్పా, అసలు పాఠంలో చెప్పలేదా అన్నది తేల్చడం. మన ఊరి ఉదాహరణే చెబుతాను. పర్లాకిమిడిలో కొమ్ముతో కొంగలు, రొయ్యలు వంటి బొమ్మలు చేస్తారని పాఠంలో ఉందనుకోండి. ప్రశ్నలో, ఈ బొమ్మలు బయటి రాష్ట్రాల్లోనూ అమ్ముడవుతాయి అని ఉంటే నా చెయ్యి వెంటనే ట్రూ మీదికి పోతుంది, ఎందుకంటే నాకు తెలుసు కదా. పాఠంలో ఆ మాటే లేదు, కాబట్టి జవాబు నాట్ గివెన్. నా తప్పుల్లో సగం నాకు తెలిసిన విషయాలను పాఠంలో కలిపేయడం వల్ల వచ్చినవే. అప్పట్నుంచి జవాబు పెట్టేముందు పాఠంలో ఏ వాక్యం మీద వేలు పెట్టి చూపించగలనో చూసుకుంటున్నాను, వేలు పెట్టే చోటు లేకపోతే నాట్ గివెన్.

పేరాకు శీర్షిక జతచేసే ప్రశ్నలకు మొదటి వాక్యం, చివరి వాక్యం చదివితే చాలని వీడియోల్లో చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. నాకు ఎక్కువసార్లు పేరా మధ్యలో ‘అయితే’ అని మలుపు తిరిగిన చోటే అసలు సంగతి దొరికింది. ఇంకొకటి, రెండు గళ్ళ నోటుపుస్తకం. ఎడమ పక్క ప్రశ్నలో ఉన్న మాట, కుడి పక్క పాఠంలోనో ఆడియోలోనో అదే అర్థానికి వాడిన వేరే మాట. రెండేళ్లకు మూడు పుస్తకాలు నిండాయి.

ఏడాదిన్నర దాటాక మాదిరి పరీక్షలో 31 వచ్చింది. విశాఖపట్నం వెళ్ళి కంప్యూటర్ మీద అసలు పరీక్ష రాశాను. పాతపట్నం దాటేవరకూ టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మొదటి గొంతు వినగానే మాటల చివర్లు తెలిసిపోతున్నాయి, అప్పుడు కుదుటపడ్డాను. లిజనింగ్, రీడింగ్ రెండింటిలోనూ 7 వచ్చింది.

నెల రోజుల్లో పరీక్ష ఉన్నవాళ్లకు ఈ పద్ధతి సరిపోదు, వాళ్లు టైము పెట్టుకుని మాదిరి పరీక్షలే చేసుకోవాలి. ఆరు నెలలు చేతిలో ఉండి, చదివితే అర్థమై వింటే అర్థంకాని వాళ్లకు మాత్రం రోజుకు ఒక నిమిషం రాసుకోవడాన్ని మించింది నేను చూడలేదు. మా చెల్లి నిన్న మొదలుపెట్టింది. మొదటి నిమిషం రాయడానికి దానికి 35 నిమిషాలు పట్టింది, కాగితం నిండా ‘స’లు ఎగిరిపోయాయి. ఇవాళ సాయంత్రం మళ్ళీ అదే నిమిషంతో కూర్చుంటానంటోంది.