నాయన చెవికి నచ్చిన స్పీకర్లు: ఒకసారి ఆన్‌లైన్‌లో, ఒకసారి తిరుపతి దుకాణంలో

మా నాయన ముప్పై ఏళ్లుగా అన్నమాచార్య కళామందిరంలో, మహతి ఆడిటోరియంలో కచేరీలకు క్రమం తప్పకుండా పోయిన మనిషి. మోకాళ్ల నొప్పులు ఎక్కువయ్యాక బయటికి పోవడం మానేశారు, ఇంట్లో టీవీలోనే వింటున్నారు. ఈ సన్నటి టీవీలకు స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి కదా, పాట గోడకు తగిలి మన దగ్గరికి వస్తుంది. "మృదంగంలో తొప్పి వినపడట్లేదురా, కుడిచెయ్యి ఒక్కటే టిక్కుటిక్కుమంటోంది" అన్నారు ఒకరోజు. తొప్పి అంటే మృదంగానికి ఎడమవైపు, గుమ్మని మోగే ముఖం. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఏడాదిన్నరలో రెండు జతల స్పీకర్లు కొన్నాను. మొదటిది ఆన్‌లైన్‌లో, రెండోది గాంధీ రోడ్డు పక్క సందులో మేడ మీద ఉన్న ఒక చిన్న షోరూంలో. టీవీ సౌండును పెంచి స్పీకర్లకు పంపే రిసీవర్ మాత్రం ఆన్‌లైన్‌లో కొన్నదే, ఇప్పటికీ అదే వాడుతున్నాం. మన తిరుపతి, చిత్తూరు వైపు ఎవరైనా ఇదే ఆలోచనలో ఉంటే పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

ముందు రిసీవర్ సంగతి, ఎందుకంటే అందులో నాకు ఏ ఇబ్బందీ రాలేదు. యమహా ఆర్‌ఎక్స్-వి385, 5.1 ఛానళ్లది, అంటే ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌ఊఫర్ కట్టొచ్చు. పండగ సేల్‌లో తీసుకున్నా. అమ్మేవాళ్లు కంపెనీ అధీకృత డీలర్లేనా అని కంపెనీ సైట్లో చూసుకున్నా, జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు ఉందా, అదే నంబరు డబ్బా మీదా సెట్టు వెనకా ఉందా అని కూడా చూసుకున్నా. ఇలాంటి వస్తువుకు ఇది చాలు. ఎన్ని హెచ్‌డీఎంఐలు ఉన్నాయి, టీవీ నుంచి సౌండు వెనక్కి తీసుకునే ఏఆర్‌సీ ఉందా, ఎన్ని స్పీకర్లు కట్టొచ్చు అన్నవన్నీ కాగితం మీదే తెలిసిపోతాయి. ఒక్క వాట్ల దగ్గర మాత్రం కాగితాన్ని నిదానంగా చదవాలి. దీనికి 70 వాట్లని రాసింది 6 ఓమ్‌ల (స్పీకర్ కరెంటుకు ఇచ్చే అడ్డు) దగ్గర, రెండు ఛానళ్లు మాత్రమే నడిపినప్పుడు. ఐదూ ఒకేసారి గట్టిగా మోగితే ఒక్కోదానికి అంత రాదు. ఇంకో మాట, ఆన్‌లైన్‌లో ఆశ్చర్యపోయేంత తక్కువ రేటుకు కనిపించేవి కొన్ని అమెరికా సెట్లు. అవి 120 వోల్టులవి, మన 230కి నేరుగా పెడితే కాలిపోతాయి, ఇండియా వారంటీ కూడా ఉండదు.

రిసీవర్ సాఫీగా వచ్చేసింది కదా అని స్పీకర్లు కూడా అలాగే తీసుకున్నా. నిలువెత్తు టవర్ల జత, కంపెనీ పేరు రాయను. సేల్ రేటు బయటికంటే ఆరు వేలు తక్కువ. రివ్యూలు అరవై దాకా చదివాను, వీడియోలు చూశాను, అందరూ బాగున్నాయనే చెప్పారు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, కానీ అవి విన్నది వాళ్ల గదుల్లో. డబ్బాలు వచ్చిన రోజే ఒకదాని మూల నలిగి ఉంది. డెలివరీ అబ్బాయికి చూపిస్తే "తీసుకోండి సార్, ఏమన్నా ఉంటే రిటర్న్ పెట్టుకోవచ్చు" అన్నాడు. తీసుకున్నా. విప్పేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా వీడియో తీశాను, తర్వాత నన్ను కాపాడింది అదే.

మొదటి రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు నాయన పెట్టిన ఒక పాత కచేరీలో తంబూర శ్రుతి కింద కుడివైపు స్పీకర్ నుంచి సన్నగా జుయ్యిమనే మోత. సౌండు పెంచితే పోతుంది, తగ్గిస్తే వస్తుంది, అదీ కొన్ని స్వరాల దగ్గరే. రిటర్న్ పెట్టాను. మనిషి వచ్చి చూసి "మోగుతోంది కదా సార్, డిఫెక్ట్ ఏముంది" అని రాసుకుని పోయాడు, రిటర్న్ రద్దయింది. కంపెనీకి ఫోన్ చేస్తే సర్వీస్ సెంటర్ చెన్నైలో ఉంది, మీరే తెచ్చివ్వాలన్నారు. 130 కిలోమీటర్ల పైమాటే, ఒక్కో స్పీకరూ ఇద్దరు మోసేంత బరువు. ఇంతలో ఏడు రోజుల రిటర్న్ గడువు అయిపోయింది. ఆ వారం నాకు నిద్ర లేదు, డబ్బు గురించి కొంత, "నాకోసం ఎందుకురా ఇంత ఖర్చు" అని నాయన అనడం గురించి ఎక్కువ.

చివరికి 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి బిల్లు, వీడియో, ఆ మోత రికార్డు చేసిన ఆడియో అన్నీ పంపాను. ఆ తర్వాతే అమ్మినవాళ్ల నుంచి మర్యాదగా ఫోన్ వచ్చింది. డబ్బు మొత్తం వెనక్కి వచ్చేసరికి ఆరు వారాలు పట్టింది. అట్టపెట్టెలు, థర్మోకోల్ ఏదీ పారేయకుండా ఉంచుకున్నాను కాబట్టి సరిపోయింది, అవి లేకపోతే వెనక్కి తీసుకోరు.

తర్వాత ఊర్లో తిరిగాను. రెండు మూడు పెద్ద దుకాణాల్లో టీవీ కొన్నవాళ్లకు అంటగట్టే సెట్లే ఉన్నాయి, డబ్బా మీద వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు అని పెద్ద అక్షరాలు. అది పీఎంపీఓ లెక్క, క్షణకాలం వచ్చే పవర్‌ను ఉబ్బించి రాసేది, దాంతో చెవికి పనిలేదు. అడగాల్సింది ఆర్‌ఎంఎస్ (ఎడతెగకుండా ఇచ్చే పవర్) ఎంత, స్పీకర్ సెన్సిటివిటీ (ఒక వాట్ ఇస్తే మీటరు దూరంలో వచ్చే సౌండు) ఎంత అని. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అంటే 85 డెసిబెల్స్ స్పీకర్‌కు వంద వాట్లిస్తే ఎంత వినపడుతుందో 88 డెసిబెల్స్ దానికి యాభై ఇచ్చినా అంతే. ఒకచోట "బిల్లు లేకుండా అయితే రెండు వేలు తగ్గిస్తాం" అన్నారు. బిల్లు లేని వస్తువుకు వారంటీ ఎవరిస్తారు? వచ్చేశాను.

మేడ మీది షోరూం చెప్పింది మా వీధిలో ఉండే సంగీత కళాశాల మాస్టారు. చిన్న గది, నాలుగు జతల స్పీకర్లు, గోడలకు మందం కర్టెన్లు. యజమానికి యాభై దాటి ఉంటాయి. నేను వాట్ల గురించి మొదలుపెడితే ఆయన ఆపి, "ముందు చెప్పండి సామీ, ఎవరు వింటారు, ఏం వింటారు, హాలు ఎంత" అని అడిగారు. ఇంతవరకు నన్ను ఎవరూ ఈ మూడూ అడగలేదు. నాయన కచేరీలు వింటారని, పదకొండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు హాలని చెప్పాను. "ఆ గదికి టవర్లు ఎందుకు, పెద్దాయన్ను పిలుచుకొని రండి, ఆయన చెవులే కదా" అన్నారు.

మరుసటి రోజు నాయనను ఆటోలో తీసుకుపోయి మెల్లగా మెట్లెక్కించాను. గంటన్నర కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, మూడు జతలు మార్చిమార్చి ఒకే కీర్తన వినిపించారు, సౌండు అన్నిటికీ సమానంగా పెట్టి. ఇది చాలా ముఖ్యం, కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది. నాయన కళ్లు మూసుకుని విన్నారు. రెండో జత దగ్గర వేలు తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టింది. నేను ధర కూడా అడగలేదు, ఇదే అని తెలిసిపోయింది. వార్ఫ్‌డేల్ కంపెనీ బుక్‌షెల్ఫ్ (చిన్న సైజు) జత, 5 అంగుళాల ఊఫర్ (బేస్ మోగించే భాగం), 8 ఓమ్‌లు, 88 డెసిబెల్స్. 33 వేలు చెప్పారు, ఆరోజు ఆన్‌లైన్‌లో 30 వేలుంది. ఫోన్లో చూపిస్తే దాచుకోకుండా చెప్పారు: "ఆ రేటు నాకు పడదు సామీ. కానీ ఇంటికొచ్చి పెట్టిస్తాను, ఏదన్నా వస్తే నేను చూసుకుంటాను." వెయ్యి తగ్గించి పక్కా జీఎస్టీ బిల్లు ఇచ్చారు.

ఆ మిగతా రెండు వేలకు ఏం దక్కిందో చెప్తాను. ఆదివారం ఆయనే వచ్చారు. హాలు మధ్య నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టారు. టప్ అన్న తర్వాత ట్రర్‌మని ఒక తోక. కింద టైల్స్, పైన స్లాబు, ఒకవైపు అద్దాల షోకేసు, శబ్దాన్ని పీల్చుకునేది గదిలో ఏమీ లేదు. టీవీ ముందు జంఖానా పరిపించారు, షోకేసు ఎదురు గోడకు మందం కర్టెన్ వేయమన్నారు. గోడకు ఆనించిన సోఫాను రెండడుగులు ముందుకు జరిపించారు. స్పీకర్లను మూలల్లోంచి లాగి గోడకు అడుగున్నర దూరంలో, కూర్చున్న నాయన చెవి ఎత్తుకు వచ్చేలా స్టాండ్ల మీద పెట్టారు. మూలకు నెట్టితే బేస్ ఉబ్బుతుంది, మా పద్నాలుగడుగుల పొడవుకు 40 హెర్ట్జ్ దగ్గర గదే మోగుతుందని లెక్కేసి చూపించారు. టవర్ల విషయంలో ఆ జుయ్యిమనే మోత స్పీకర్‌దే కానీ, మిగతా గందరగోళం సగం మా హాలుదేనని అప్పుడు అర్థమైంది.

రిసీవర్ ఆన్ చేయగానే సన్నటి హమ్ ఉంది, మొదటి నుంచీ ఉండేది, అది అంతేనేమో అనుకున్నాం. ఆయన సెట్‌టాప్ బాక్స్ వెనక కేబుల్ టీవీ వైరు ఊడదీశారు, హమ్ టక్కున ఆగిపోయింది. కేబుల్‌కు ఒక ఎర్తు, ఇంట్లో ప్లగ్గుకు ఇంకో ఎర్తు, రెంటి మధ్య తేడా అలా వినపడుతుందట. ఆ వైరుకు, రెండు ఎర్తులనూ విడదీసే చిన్న ఐసోలేటర్ పెట్టారు. నేను ఆన్‌లైన్‌లో కొన్న స్పీకర్ వైరును కత్తిరించి చూపించారు, పైన రాగి రంగు, కోసిన చోట తెల్లగా ఉంది. అల్యూమినియం మీద రాగి పూత. మా ఇంట్లో ఉన్న పదడుగుల దూరానికి పెద్ద నష్టం లేదని ఆయనే అన్నారు, ఎక్కువ దూరమైతే మాత్రం అసలు రాగి వైరే వేసుకోవాలి.

ఆయన దగ్గర లోట్లు లేవని కాదు. స్టాకు చాలా తక్కువ, ఉన్న రెండు మూడు బ్రాండ్ల వైపే మాట లాగుతారు. రిసీవర్ అడిగి ఉంటే తెప్పించడానికి పది రోజులు, పైగా రేటు మరీ ఎక్కువ, అది ఆన్‌లైన్‌లో కొన్నందుకు నాకేం చింత లేదు. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగున్నర దాకా ఫోన్ ఎత్తరు. చిత్తూరులో ఉన్న మా బావ ఇంటికి పిలిస్తే వచ్చారు కానీ పెట్రోలు ఖర్చు విడిగా తీసుకున్నారు, డెబ్బై కిలోమీటర్లు కాబట్టి అది న్యాయమే. మా స్నేహితుడొకడు సప్తగిరి రైలెక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌కు పోయి కొన్నాడు, రేటు బాగానే తగ్గింది, కానీ ఇంట్లో ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేక రెండు నెలలుగా అటూ ఇటూ మారుస్తున్నాడు. మొన్న వాడికీ ఈయన నంబరే ఇచ్చాను.

ఇప్పుడు పొద్దున్నే ఐదున్నరకు నాయన కుర్చీలో కూర్చుంటారు. సౌండు చాలా తక్కువలోనే పెడతారు, అయినా వంటింట్లో ఉన్న అమ్మకు సాహిత్యం ముక్క ముక్కా వినపడుతుంది. తొప్పి గురించి నేనే ఒకరోజు అడిగాను. "వినపడుతోందిలే, మృదంగం ఆయన ఎడమచేతి ఉంగరం కూడా వినపడుతోంది" అన్నారు.