రమల పాచికలు, ఆన్‌లైన్ ప్రస్తారాలు కొంటున్నారా? ముందు చుక్కలు లెక్కపెట్టండి

వాట్సాప్‌లో ప్రశ్న పంపితే రమల ప్రస్తారం (చుక్కలతో జోస్యం చెప్పే రమలంలో, ఇళ్లలో చుక్కల రూపాలు పేర్చిన పట్టిక) వేసి పీడీఎఫ్ ఇస్తామంటూ డబ్బు తీసుకుంటున్న ఒక చోటి నుంచి వచ్చిన కాగితం చూశాం. తీర్పు చెప్పే 15వ ఇంట్లో, అంటే మీజాన్‌లో, హుమ్రా అనే రూపం వేసి ఉంది. దాని కింద రక్తగండం అని రాసి, శాంతికి వేరే రేటు పెట్టారు. ఆ ఇంట్లో హుమ్రా రానే రాదు. ఫలితం చెప్పడం దాకా ఎందుకు, కూడికే తప్పు.

ఇసుకలో లెక్క చూసుకోకుండా 16 వరసల చుక్కలు పెడతారు. ఒక్కో వరసలో రెండేసి చొప్పున కొట్టేస్తూ పోతే చివర ఒకటి మిగలాలి, లేదా రెండు. నాలుగు వరసలకు ఒక రూపం, మొత్తం నాలుగు తల్లులు. ఆ నాలుగింటి పై వరసలు తీసి పేరిస్తే అయిదో రూపం, రెండో వరసలు పేరిస్తే ఆరోది, అలా నలుగురు కూతుళ్లు. అక్కణ్ణుంచి అంతా కూడికే. 1, 2 కలిస్తే 9. 3, 4 కలిస్తే 10. ఇదే పద్ధతిలో 12 దాకా వెళ్లి, 9, 10 కలిపి 13. 11, 12 కలిపి 14. ఈ ఇద్దరు సాక్షులూ కలిస్తే 15. వరసకు వరస కూడినప్పుడు బేసి వస్తే ఒక చుక్క, సరి వస్తే రెండు. ఉదాహరణకు తరీక్‌కు నాలుగు వరసల్లోనూ ఒక్కో చుక్కే, లహ్యాన్‌కు పైన ఒకటి, కింద మూడు వరసల్లో రెండేసి. రెండూ కలిస్తే పైన రెండు, కింద మూడు వరసల్లో ఒక్కోటి: అతబె దాఖిల్.

కూతుళ్లంటే తల్లుల చుక్కల్నే అడ్డంగా చదవడం. అందుకే తల్లుల చుక్కల మొత్తం, కూతుళ్ల చుక్కల మొత్తం ఒకటే. ఒకటికొకటి సమానమైన ఈ రెండు వైపులూ చివర మీజాన్‌లో కలుస్తాయి కాబట్టి అక్కడి చుక్కలు ఎప్పుడూ సరిసంఖ్యే. లహ్యాన్, హుమ్రా, బయాజ్, అంకీస్‌లకు ఏడేసి చుక్కలు. ఫరహ్, నకీ, రెండు అతబెలకు (దాఖిల్, ఖారిజ్) అయిదేసి. ఈ ఎనిమిదిలో ఏది 15లో కనిపించినా ఆ కాగితం చెల్లదు. కొన్ని యాప్‌లు తల్లుల నుంచి కట్టుకురాకుండా 15 ఇళ్లలోనూ దేనికది తోచిన రూపం పడేస్తాయి, వాటిలో సుమారు సగం సార్లు ఈ తప్పు దొరికిపోతుంది. మిగతా సగం పట్టుకోవాలంటే 5 నుంచి 15 దాకా మీరే కట్టి చూడాలి, అయిదు నిమిషాల పని. తల్లులు నాలుగూ విడిగా రాసివ్వని వాళ్లకు డబ్బు కట్టకండి.

ఇక పాచికలు. ఇసుకలో చుక్కలకు బదులు వీటిని వేసి తల్లుల్ని తెచ్చుకుంటారు. సరైన సెట్‌లో రెండు కడ్డీలు, ఒక్కో దానికి నాలుగు పాచికలు. పాచికకు కనిపించే ముఖాలు నాలుగు, వాటి మీద 2, 3, 4, 3 చుక్కలు. రెండు మూళ్లూ ఒకటి కాదు: ఒకదాన్లో ఎడమ ఒకటి కుడి రెండు, ఇంకోదాన్లో ఎడమ రెండు కుడి ఒకటి. ఇప్పుడు అమ్ముతున్న చవక సెట్లలో ఈ రెండూ ఒకే అచ్చులో పోస్తున్నారు. అప్పుడు కొన్ని రూపాలు ఎక్కువగానూ, కొన్ని తక్కువగానూ పడతాయి. మామూలు ఆరు ముఖాల పాచికకు బెజ్జం కొట్టి రమలం పేరుతో పంపేవాళ్లూ ఉన్నారు.

కడ్డీ పట్టుకుని ఒక్క పాచికను వేలితో తిప్పండి. పక్కది కూడా తిరిగితే తిప్పి పంపేయండి. నాలుగూ ముద్దలా తిరిగితే తరీక్, జమాత్ (నాలుగు వరసల్లోనూ రెండేసి చుక్కలు) రూపాలే పదేపదే వస్తాయి. బెజ్జం నడిమధ్యన లేకపోతే బరువు ఒక పక్కకు లాగుతుంది. దీనికి పరీక్ష: ఒక్కో పాచికను 40 సార్లు వేయండి. ఒక్కో ముఖం పదికి అటూ ఇటూగా పడాలి. ఇరవై సార్లు ఒకే ముఖం పడితే ఆ పాచిక పనికిరాదు. అష్టధాతువు అని చెప్పిన పాచికను అయస్కాంతం గట్టిగా పట్టేస్తే లోపల ఇనుము, పైన పూతే.

మంత్రించిన ఇసుక పొట్లాలు అసలు కొనవద్దు. జల్లించిన పొడి ఇసుక చాలు. తడి ఉంటే చుక్కలు ఒకదాన్లో ఒకటి కలిసిపోయి జతలు తప్పుతాయి.

పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, తిప్పి పంపేటప్పుడు అదే సాక్ష్యం. అమ్మినవాడు మాట్లాడకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. శాంతి పేరుతో యూపీఐలో డబ్బు లాగేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, లావాదేవీ నంబరు చేతిలో పెట్టుకుని.