‘షెర్బూర్ గొడుగులు’: ఎవరినీ తప్పుపట్టని ప్రేమకథ

ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూస్తున్న సినిమాలు నాకు కొన్నే ఉన్నాయి. వాటిలో ముందుండేది 1964 నాటి ఫ్రెంచి సినిమా ‘షెర్బూర్ గొడుగులు’. దర్శకుడు జాక్ దెమీ, సంగీతం మిషెల్ లెగ్రాన్. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి దీనికే వచ్చింది.

ఇందులో మాటలు లేవు, అంతా పాటే. మన సినిమాల్లో పాట రాగానే కథ పక్కకు జరిగి నిలబడుతుంది. ఇక్కడ కథ నడిచేదే పాటలో. మొదట్లోనే ఓ మెకానిక్, ‘ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కాస్త చప్పుడు చేస్తుంది, అది మామూలే’ అని కస్టమరుకి పాడి చెబుతాడు. కొత్తగా చూసేవాళ్లకు కాసేపు ఇబ్బందిగానే ఉంటుంది, ఓపిక పట్టండి. నాయిక కాథరీన్ దెనూవ్‌కి పాడింది దానియెల్ లికారీ. ప్లేబ్యాక్‌తో పెరిగిన మనకు అందులో వింతేమీ లేదు.

1957లో కథ మొదలవుతుంది. గొడుగుల కొట్టు ఆవిడ కూతురు జెన్వియేవ్, మెకానిక్ గీ ప్రేమించుకుంటారు. అతన్ని సైన్యంలోకి పిలిచి, యుద్ధం జరుగుతున్న అల్జీరియాకు పంపిస్తారు. రెండేళ్లు. ఆమె గర్భవతి. ఉత్తరాలు పలచబడతాయి. ఈలోగా నగల వ్యాపారి రోలాన్ కసార్ పెళ్లి చేసుకుంటానంటాడు, బిడ్డను కూడా తన బిడ్డగానే చూసుకుంటానంటాడు. ఆమె ఒప్పుకుంటుంది. యుద్ధం తెరమీద ఒక్క షాట్‌లోనూ కనపడదు. కానీ అందరి బతుకులనూ దారి మళ్లించింది అదే.

చిన్న వయసులో చూసినప్పుడు నా కోపమంతా తల్లి మీదే. కూతురి ప్రేమను డబ్బు కోసం చెడగొట్టిందనుకున్నాను. ఇప్పుడు చూస్తే అప్పులు మీద పడి, మెడలో ముత్యాలు అమ్ముకోవడానికి వెళ్లిన ఒంటరి మనిషి కనిపిస్తోంది. ‘ప్రేమ కోసం చచ్చిపోవడం సినిమాల్లోనే’ అని ఆవిడ కూతురికి చెప్పేది కఠినంగా కాదు, భయంతో. రోలాన్ కూడా విలన్ కాదు. దెమీ 1961లో తీసిన ‘లోలా’లో ప్రేమ దక్కక మిగిలిపోయినవాడే ఇతను. ఆ సినిమా చూసి ఇది చూస్తే అతని మర్యాద వెనక ఉన్న దెబ్బ తెలుస్తుంది.

నాకున్న అసంతృప్తి, గీ తర్వాత పెళ్లి చేసుకున్న మదలేన్ విషయంలో. కుంటుతూ తిరిగొచ్చి చెడిపోతున్న గీని నిలబెట్టిన మనిషి ఆమె. ఆమెకు మరి కాస్త సమయం ఇవ్వాల్సింది.

చివర్లో, 1963 డిసెంబరులో, పెట్రోలు బంకు దగ్గర జెన్వియేవ్, గీ కలుసుకుంటారు. బాగున్నావా అని ఆమె అడిగితే, చాలా బాగున్నానంటాడు. చాలామంది దీన్ని విషాదం అంటారు. నేను అతని మాట నమ్ముతాను. అతనికి ఇల్లుంది, కొడుకున్నాడు, కావాలనుకున్న బంకు ఉంది. ఏడుపు మాత్రం నాకు ప్రతిసారీ వస్తుంది.

చూస్తే బాగుచేసిన ప్రింటే చూడండి. ఈస్ట్‌మన్‌కలర్ నెగటివ్ వెలిసిపోతే, దెమీ పోయాక 1990ల్లో ఆయన భార్య, దర్శకురాలు ఆన్యేస్ వర్దా పూనుకుని రంగులు తిరిగి తెప్పించారు. గోడకాగితం పూలూ జెన్వియేవ్ గౌను పూలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే సీన్లు వెలిసిన కాపీలో సగం కూడా దక్కవు.