ఖడ్కీలో ఉండాలా, ఊరికి రావాలా?

వెన్నెముక దెబ్బతిని నడుం కింద చచ్చుబడిన జవానుకు ఆస్పత్రి వదిలాక రెండు దారులు. ఒకటి, పుణెలోని ఖడ్కీలో 1974 నుంచి నడుస్తున్న పారాప్లెజిక్ పునరావాస కేంద్రం. అక్కడ చక్రాల కుర్చీకి ర్యాంపులు, ఫిజియోథెరపీ, అన్నిటికన్నా మించి అదే కష్టం పడినవాళ్ల తోడు ఉంటాయి.

రెండోది ఇల్లు. అమ్మ చేతి అన్నం, పిల్లల మాటలు. 2003లో మొదలైన మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ కింద వైద్యం ఉంది గానీ, దాని పాలీక్లినిక్ చాలా ఊళ్లకు దూరం. స్పర్శ లేని ఒంటికి పుండు పడినా తెలియదు. రాత్రిళ్లు కూడా గంటలు చూసుకుని మనిషిని ఇంకో పక్కకు తిప్పాలి, మూత్రం గొట్టం శుభ్రంగా ఉంచాలి. ఆ భారమంతా భార్య మీదే, ఆమెకు సెలవెక్కడిది? 100 శాతం వైకల్యానికి సహాయకుడి భత్యం ఇస్తారు, తప్పక అడగండి.

నా మట్టుకు, మొదట ఖడ్కీయే. ఒళ్లు చూసుకోవడం ఇద్దరూ నేర్చుకుని, ఇంట్లో గడపలు తీయించి, మరుగుదొడ్డి తలుపు వెడల్పు చేయించాకే ఊరికి రావాలి.