పిన్ని చీరలు, తమ్ముడి 'ప్లాను': ఏది మేలు?

రాజాంలో మా పిన్ని ఇంట్లో కిందటేడాది రెండు వ్యాపారాలు నడిచాయి. బీరువా పక్కన పిన్ని చీరల మూటలు, మంచం కింద వాళ్లబ్బాయి ప్రొటీన్ పౌడర్ డబ్బాలు. పిన్ని చాలా ఏళ్లుగా చీరలు వాయిదాల మీద అమ్ముతోంది, ఎవరు ఎంత ఇచ్చారో ఎర్ర అట్ట నోటుబుక్కులో రాసుకుంటుంది. తమ్ముడేమో ఒక నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీకి, అంటే ఒకళ్ల కింద ఒకళ్లని చేర్చుకుంటూ సరుకు అమ్మించే కంపెనీకి, 14 వేలు కట్టి 'ఐడీ యాక్టివేట్' చేయించుకున్నాడు, అంటే సభ్యుడిగా చేరాడు. విజయనగరంలో ఏదో ఫంక్షన్ హాల్లో సెమినార్ అయిందట, టై కట్టుకున్నాయన ఒకడు కారు తాళాలు ఊపుతూ గంటన్నర మాట్లాడాడట. ఊరొచ్చిన రెండో రోజే నాకు ఫోను: "అన్నా, ఒక్క గంట టైమియ్యి, ప్లాన్ చూపిస్తాను."

చూపించాడు. తెల్ల కాగితం మీద పైన ఒక సున్నా చుట్టాడు, అది నేనట. దాని కింద రెండు సున్నాలు, లెఫ్ట్ లెగ్, రైట్ లెగ్. వాటి కింద నాలుగు, ఆ కింద ఎనిమిది, కాగితం అయిపోయేదాకా. నేను అడిగింది ఒకటే, "ఈ డబ్బాలు ఎవరు కొంటారురా?" అని. "నువ్వు ఎవరికీ అమ్మక్కర్లేదన్నా, ఇద్దర్ని చేర్పించు చాలు" అన్నాడు. వాడు అది మంచి మాట అనుకునే చెప్పాడు, పాపం. నాకైతే అక్కడే సగం అర్థమైపోయింది.

ఎందుకంటే నెట్‌వర్క్ మార్కెటింగ్‌కీ గొలుసుకట్టు స్కీముకీ పైకి కనిపించే తేడా ఏమీ లేదు. అదే బొమ్మ, అవే అప్‌లైన్ (మనల్ని చేర్చినవాడు), డౌన్‌లైన్ (మనం చేర్చినవాడు) మాటలు, అదే టై. తేడా అంతా పైవాడికి వచ్చే కమీషన్ ఎవరి జేబులోంచి వస్తోంది అన్న దగ్గరే ఉంది. గొలుసుతో సంబంధం లేని మనిషి, అంటే సబ్బు కావాల్సి సబ్బు కొన్న మనిషి ఇచ్చిన డబ్బులోంచి వస్తే అది వ్యాపారం. కొత్తగా చేరినవాడు కట్టిన 14 వేల లోంచి వస్తే అది గొలుసుకట్టు, మధ్యలో డబ్బా ఉన్నా లేకపోయినా.

ఈ 'డబ్బా ఉన్నా' అన్నది చాలామందికి ఎక్కదు. "మేం సరుకిస్తున్నాం కదండీ, మోసమెలా అవుతుంది" అంటారు. మన దేశంలో దీనికో పాత చట్టం ఉంది, 1978లో వచ్చిన ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం. 2007లో ఆమ్వే అనే పెద్ద నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీ కేసు మన రాష్ట్ర హైకోర్టుకి వెళ్లినప్పుడు ఇదే వాదన నడిచింది. సరుకు అమ్ముతున్నంత మాత్రాన చట్టానికి దొరకరని కోర్టు ఒప్పుకోలేదు, మనుషుల్ని చేర్చడం మీద ఆధారపడి డబ్బు వచ్చే ఆ ప్లాను ప్రాథమికంగా ఆ చట్టం నిర్వచనంలోకే వస్తుందని చెప్పి, ఆ కంపెనీ మీద సీఐడీ పోలీసుల చర్యల్ని ఆపలేదు. అంటే అంత పెద్ద పేరున్న కంపెనీకే గీత ఇటో అటో అన్న తగువు వచ్చిందన్నమాట, మన ఫంక్షన్ హాల్ కంపెనీల సంగతి చెప్పేదేముంది.

ఆ చట్టంలో ఇంకో ముక్క ఉంది, దాన్ని సెమినార్లో ఎవరూ చెప్పరు. స్కీము నడిపినవాడిదే కాదు, అందులో మనుషుల్ని చేర్పించినవాడిదీ తప్పే. మూడేళ్ల వరకు జైలు ఉంది. మోసపోయినవాళ్లు స్టేషన్ గడప ఎక్కకపోవడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. మన పైవాడు మన బావే అవుతాడు, మన కిందవాడు మన స్నేహితుడే అవుతాడు, ఇంక ఎవరి మీద పెడతాం కేసు?

మరి సక్రమమైన నెట్‌వర్క్ మార్కెటింగ్ లేదా అంటే, ఉంది. 2016లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, చేరడానికి ఫీజు ఉండకూడదు, కేవలం మనిషిని చేర్చినందుకు డబ్బు ఇవ్వకూడదు, అమ్ముకోగలిగిన దానికంటే ఎక్కువ సరుకు అంటగట్టకూడదు అని. 2021 డిసెంబరులో డైరెక్ట్ సెల్లింగ్ (కొట్టు లేకుండా మనుషుల చేత నేరుగా అమ్మించడం) నియమాలే వచ్చాయి, డైరెక్ట్ సెల్లింగ్ ముసుగులో పిరమిడ్ స్కీము, అంటే ఈ గొలుసుకట్టే, నడపకూడదని అందులో నేరుగా రాశారు. "నువ్వు కొను, ఇంకొకళ్లని చూపిస్తే నీ డబ్బు నీకు తిరిగొస్తుంది" అని చెప్పి అమ్మకూడదు. గుర్తింపు కార్డు లేకుండా, ముందు అడగకుండా ఇంటికి రాకూడదు కూడా. ఈ చివరి నియమం గట్టిగా పాటిస్తే మన జిల్లాల్లో సగం మంది చుట్టాలు మన ఇళ్లకి రాలేరు.

ఇక ఆ సున్నాల లెక్క. ఒక్కొక్కడూ ఆరుగురిని చేర్చాలి అనుకోండి. 6, 36, 216, 1,296 అని పోతూ ఏడో మెట్టులో 2,79,936, ఎనిమిదో మెట్టులో 16,79,616. తొమ్మిదో మెట్టు కోటి దాటిపోతుంది. 2011 లెక్కల్లో శ్రీకాకుళం జిల్లా జనాభా 27 లక్షలు, విజయనగరం 23 లక్షలు. రెండు జిల్లాల్లో పసిపిల్లలతో సహా అందరూ చేరినా తొమ్మిదో మెట్టు సగం కూడా నిండదు. పైగా ఏ రోజు గొలుసు తెగినా ఆ రోజు అందులో ఉన్న ప్రతి ఆరుగురిలో దాదాపు ఐదుగురు ఆఖరి మెట్టు మీదే ఉంటారు, వాళ్ల కింద ఎవరూ ఉండరు. ఇది కంపెనీ మంచిదా చెడ్డదా అన్న దానితో పని లేని లెక్క. తమ్ముడికి ఇది చెప్తే "ఏటన్నా నువ్వు, అన్నీ నెగటివ్‌గా ఆలోచిస్తావు" అన్నాడు. ఆ నెగటివ్ అన్న మాట కూడా సెమినార్లో నేర్పిందే.

ఇప్పుడు ఏది మేలు అంటే, గొలుసుకట్టు సంగతి అడగక్కర్లేదు, అది ఎంత లాభం చూపించినా వద్దు. చట్టబద్ధమైన నెట్‌వర్క్ మార్కెటింగ్ విషయంలో మాత్రం నా మాట కొంచెం చేదుగా ఉంటుంది. అది నేరం కాదు, అంతే. నేరం కానిదల్లా గిట్టుబాటు అవ్వాలని ఎక్కడా లేదు కదా. నేను చూసేది ఒకటే, కింద ఒక్కడూ చేరకపోయినా, ఆ సరుకు ఆ ధరకి మా వీధిలో ఎవరైనా రెండోసారి కొంటారా? కొంటే చేరొచ్చు, అమ్మకం చేతనైనవాళ్లు నాలుగు డబ్బులు చూస్తారు. కిరాణా కొట్టులో అలాంటి డబ్బా సగం ధరకి దొరుకుతుంటే మాత్రం, దాన్ని కొనేది కమీషన్ పాయింట్ల కోసం మనమూ, మొహమాటం కోసం మన చుట్టాలూ. మొహమాటంతో మొదటి డబ్బా అమ్ముడవుతుంది, రెండోది కాదు.

పిన్ని వ్యాపారం దీని పక్కన పెట్టి చూడండి. ఆరువందల చీర ఎనిమిదివందల యాభైకి ఇస్తుంది, మూడు వాయిదాలు. ఒకళ్లిద్దరు ఎగ్గొడతారు, పండగ నెలలో బాగుంటుంది, ఆషాఢంలో తిట్టుకుంటుంది. ఆవిడ పుస్తకంలో నలభై పేర్లు దాకా ఉంటాయి, ఆ నలభై మందిలో ఒక్కరు కూడా ఇంకొకరికి చీర అమ్మాల్సిన పని లేదు, కట్టుకుంటే చాలు. కారు తాళాలు ఊపే స్థాయి ఎప్పటికీ రాదు, కానీ తమ్ముడి 14 వేలూ వచ్చింది ఆ పుస్తకంలోంచే.

డబ్బాలు వాపసు ఇద్దామంటే గడువు దాటిపోయిందన్నాడు వాడి అప్‌లైన్, తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చెయ్యరా అంటే, వాడు చేర్పించిన ఇద్దరు స్నేహితులు గుర్తొచ్చి నీళ్లు నమిలాడు. చివరికి పిన్నే రంగంలోకి దిగింది. చీరలకి వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ ఒకావిడకి సగం ధరకి ఒక డబ్బా అంటగట్టి, ఎర్ర పుస్తకంలో రాసుకుంది. మంచం కింద ఇంకా ఏడున్నాయి, మూత మీద తేదీ మార్చితో అయిపోతుంది.