యూటీసీనా, ఊరి పేరా?
అమలాపురంలో మా మేనకోడలి సంగీతం క్లాసుల పట్టికని ఎక్సెల్ నుంచి ఐసీఎస్ ఫైల్‌గా (ఫోన్లోని క్యాలెండర్ చదువుకునే ఫైలు) మార్చాను. టీచరుగారు డల్లాస్‌లో ఉంటారు. ఆవిడకి ఆదివారం ఉదయం 8 అంటే వేసవిలో మనకి సాయంత్రం 6:30.

ఆ సమయాన్ని యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) మార్చి, దానికి గుర్తుగా చివర జెడ్ పెడితే అది 13:00. ఒక్కసారి జరిగే మీటింగ్‌కి ఇదే హాయి. వారం వారం వచ్చేదానికి మాత్రం కొంప ముంచుతుంది: నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలు గంట వెనక్కి జరగ్గానే, ఆవిడ ఫోన్లో క్లాసు 7కే మోగుతుంది. అదే ‘అమెరికా/షికాగో’ అని టైమ్ జోన్ పేరు (డల్లాస్‌దీ అదే జోన్) రాసి 8 అని ఉంచితే, ఆవిడకి 8 కదలదు. మనకే 7:30 అవుతుంది. నా ఓటు దీనికే.

రోజంతా ఉండే పండగకి రెండూ వద్దు, తేదీ చాలు. మన అర్ధరాత్రి యూటీసీలో ముందురోజు 18:30 కదా, అలా మార్చి రాస్తే కనుమనాటి జగ్గన్నతోట ప్రభలు సంక్రాంతి నాడే వచ్చి కూర్చుంటాయి!